378 యూరోల క్లాసు, 9 యూరోల కోట

2025 సెప్టెంబరులో మా వారూ నేనూ పన్నెండు రోజులు ఫ్రాన్స్ వెళ్లొచ్చాం. ఈఫిల్ టవర్ గురించీ లూవ్ర్ గురించీ రాయను, వాటి మీద కావలసినన్ని వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి. ఫ్రెంచ్ నేర్చుకుంటూ, ఆ దేశం చూస్తే భాష ఇంకాస్త పట్టుబడుతుందని ఆశపడే నాలాంటివాళ్ల కోసం రాస్తున్నాను. అక్కడ ఒకచోట మా డబ్బు అన్యాయంగా పోయింది. ఇంకోచోట ఇచ్చినదానికి ఎన్నో రెట్లు దొరికింది. రెండూ చెబితేగానీ నా మనసు ఊరుకోదు.

ముందు నా సంగతి. తాళ్ళరేవు వైపు ప్రభుత్వ హైస్కూళ్లలో సోషల్ చెప్పి రిటైరయ్యాను. మా నాన్న 1936లో యానాంలో పుట్టారు. 1954లో ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయేదాకా అది వాళ్ల ఊరే కాబట్టి ఆయన జనన పత్రం ఫ్రెంచ్‌లో ఉంది. నాన్న పోయాక ట్రంకుపెట్టె అడుగున దొరికింది. అందులో నాకు తెలిసినవి రెండే: ఊరి పేరు, కింద మా తాతయ్య తెలుగులో చేసిన సంతకం. మధ్యలో ఏముందో చదవాలన్న పట్టుదలతో ఏడాదిన్నర ఫ్రెంచ్ నేర్చుకుని, రెండో మెట్టయిన ఏ2 పరీక్ష పాసయ్యాను. అయినా ఆ కాగితం లొంగలేదు. గొలుసుకట్టు చేతిరాత, పాత కోర్టు భాష. జిరాక్స్ తీయించి సంచిలో పెట్టుకుని బయల్దేరాను.

నా అరవయ్యో పుట్టినరోజుకని మా అమ్మాయి ఆన్‌లైన్‌లో ఒక కోర్సు కొనిపెట్టింది. పారిస్ వీధుల్లో నడుస్తూ దేశచరిత్ర ద్వారా ఫ్రెంచ్ నేర్పుతారట. మూడు పూటలు, పూటకు మూడు గంటలు, మనిషికి 189 యూరోలు. మా వారికి ఫ్రెంచ్ రాదు, కానీ నన్నొక్కదాన్నే పంపడం ఇష్టంలేక ఇద్దరికీ కట్టింది. మొత్తం 378 యూరోలు, మన లెక్కలో దాదాపు 39 వేలు. గుంపులో ఆరుగురికి మించరనీ, ఏ2 స్థాయికి తగ్గట్టు టీచర్ ఫ్రెంచ్‌లోనే మాట్లాడతారనీ, మ్యూజియం టికెట్లు అందులోనే కలిపి ఉన్నాయనీ రాశారు.

మొదటి రోజు తొమ్మిదిన్నరకల్లా పాంథియోన్ అనే స్మారక భవనం మెట్ల దగ్గర ఉన్నాం. లెక్కపెట్టాను, పదిహేడుగురం. వచ్చిన కుర్రాడు చెవులకు పెట్టుకునే యంత్రాలు పంచి, ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. ఫ్రెంచ్‌లో చెప్పరా అని నేను ఫ్రెంచ్‌లోనే అడిగితే, గుంపులో సగంమందికి రాదు మేడమ్ అని ఇంగ్లీషులో జవాబిచ్చాడు. ఆగిన ప్రతిచోటా ఐదు మాటలున్న చీటీ ఒకటి చేతిలో పెట్టాడు. అంతే, క్లాసు. రెండో రోజు అతను కూడా రాలేదు. ఫోన్‌కి ఒక లింకు వచ్చింది, అది వింటూ మీరే నడవండి అని. మోకాళ్ల నొప్పితో మా వారు, ఫోన్ పట్టుకుని నేను, ఆ ఇరుకు వీధుల్లో రెండుసార్లు దారి తప్పాం.

మూడో రోజు కార్నవాలే మ్యూజియం. అది పారిస్ నగర చరిత్రకు పెట్టిన మ్యూజియం, చాలా గొప్పది. 1789 విప్లవంలో జనం ముట్టడించిన బాస్టీ (బాస్టిల్) కోటను కూలగొట్టాక ఆ కోట రాయితోనే చెక్కిన చిన్న బాస్టీ నమూనా అక్కడ ఉంది, తప్పక చూడండి. కానీ మా రసీదులో "మ్యూజియం ప్రవేశం, మనిషికి 12 యూరోలు" అని ఉంది. కార్నవాలేలో శాశ్వత ప్రదర్శన ఎవరికైనా ఉచితం! ఊరికే ఇచ్చేదానికి మా దగ్గర డబ్బు తీసుకున్నారు. గుమ్మంలో నాకు ఒళ్లు మండిపోయింది.

మూడు మెయిళ్లు రాశాక 40 యూరోల కూపన్ పంపారు, ఏడాదిలోపు మళ్లీ వాళ్ల దగ్గరే వాడుకోవాలట. మా వారు ఆ రాత్రి ఒక్క మాటా మాట్లాడలేదు. అమ్మాయి జీతంలోంచి తీసి కట్టిందే అని ఆయన బాధ. క్లాసు ఎలా ఉందమ్మా అని అది ఫోన్ చేస్తే బాగుందన్నాను. ఇది చదివితేగానీ దానికి అసలు సంగతి తెలియదు. మీరు ఇలాంటివి కొనేముందు రెండు విషయాలు రాతపూర్వకంగా అడగండి: గుంపులో ఎంతమంది, టీచర్ ఏ భాషలో మాట్లాడతారు. సూటిగా జవాబు రాకపోతే డబ్బు కట్టకండి.

నాలుగో రోజు నుంచి నేనే టీచర్ని. 2025లో పారిస్ మెట్రో టికెట్ ఎంతదూరమైనా 2.50 యూరోలు ఉండేది, అంతకన్నా చవకైన చరిత్ర పుస్తకం నాకు కనబడలేదు. కోంకోర్డ్ స్టేషన్‌లో 12వ లైను ప్లాట్‌ఫారం గోడల నిండా తెల్లటి పలకలు, పలకకు ఒక్కో నీలి అక్షరం. మాటల మధ్య ఖాళీ లేదు. మొత్తం కలిపితే 1789 నాటి మానవ హక్కుల ప్రకటన. రైళ్లు వచ్చిపోతుంటే వేలితో అక్షరాలు పట్టుకుంటూ ఒక్కో మాట విడదీశాను. "లిబ్ర్" దొరికింది, స్వేచ్ఛగల అని అర్థం. కాస్త ముందుకెళ్తే "ఏగో", సమానమైన. బెంచీ మీద కూర్చున్న మా వారు కూడా లేచొచ్చి ఇదేంటి, అదేంటి అని అడగడం మొదలుపెట్టారు. నలభై నిమిషాలు అక్కడే గడిచాయి. మూడు పూటల క్లాసులో రానిది ఆ గోడ దగ్గర వచ్చింది. అక్కడినుంచి బాస్టీ స్టేషన్‌కి వెళ్లి, 5వ లైను ప్లాట్‌ఫారం పక్కన మిగిలిన ఆ కోట పునాది రాళ్లు చూశాం.

ఇంకొకటి. ఫ్రెంచ్ అంకెలు నేర్చుకునేవాళ్లందరూ ఎనభై దగ్గర తలపట్టుకుంటారు. ఎనభైని వాళ్లు "నాలుగు ఇరవైలు" అంటారు. తొంభై ఏడు అంటే "నాలుగు ఇరవైల పదిహేడు". బాస్టీకి దగ్గర్లో కెంజ్-వెన్ అని ఒక కంటి ఆసుపత్రి ఉంది. ఆ పేరుకు అర్థం "పదిహేను ఇరవైలు", అంటే మూడు వందలు. 13వ శతాబ్దంలో తొమ్మిదో లూయీ రాజు మూడు వందలమంది అంధుల కోసం పెట్టిన ఆశ్రమం అది, ఆ పేరు ఇప్పటికీ నిలిచింది. ఒకప్పుడు జనం ఇరవైల్లోనే లెక్కపెట్టేవారని ఆ బోర్డు ముందు నిలబడితే ఒంటికి పట్టింది. మా అమ్మమ్మ కొబ్బరికాయలు పుంజీల లెక్కన అమ్మేది, నాలుగైతే ఒక పుంజీ. ఆ లెక్క చూసి పెరిగిన నాకు ఈ ఇరవైల లెక్క ఆ రోజు నుంచి తేలికైపోయింది.

లువార్ నది లోయలోని అంబోయిజ్, షెనోన్సో కోటలు రెండు రోజుల్లో ఏ ఇబ్బందీ లేకుండా చూసొచ్చాం.

ఇక నేను అసలు రాయాలనుకున్న ఊరు, విలేర్-కోత్రే. పారిస్ గార్ దు నోర్ స్టేషన్ నుంచి లోకల్ రైల్లో గంట లోపు ప్రయాణం. చిన్న ఊరు, పక్కనే పెద్ద అడవి. రచయిత అలెగ్జాండర్ డ్యూమా 1802లో అక్కడే పుట్టాడు. మొదటి ఫ్రాన్సువా రాజు కట్టించిన కోట ఆ ఊళ్లో ఉంది. 1539 ఆగస్టులో ఆ కోటలోనే ఆయన ఒక శాసనం మీద సంతకం చేశాడు. అప్పటిదాకా చాలా కోర్టు తీర్పులు లాటిన్‌లో ఉండేవి, ఆ లాటిన్ మాటలకు అర్థమేమిటన్నదాని మీదే మళ్లీ తగాదాలు పుట్టేవి. అందుకని ఇకమీదట తీర్పులు, దస్తావేజులు అన్నీ "ఫ్రెంచ్ మాతృభాషలో, మరోలా కాకుండా" ఉండాలని ఆ శాసనం చెప్పింది. పుట్టిన పిల్లల జ్ఞానస్నానాలు రిజిస్టర్లో రాయాలన్న నియమమూ అందులోదే.

ఆ కోట తర్వాతి కాలంలో బిచ్చగాళ్ల ఆశ్రమంగా, ఆపైన వృద్ధాశ్రమంగా మారింది. 2014 దాకా అలాగే ఉండి, బాగుచేశాక 2023లో ఫ్రెంచ్ భాషా కేంద్రంగా తెరిచారు. టికెట్ 9 యూరోలు. సోమవారం సెలవు. లోపలి పెరటికి గాజు కప్పు వేసి, దాని కింద ఫ్రెంచ్ మాటలను వేలాడదీశారు. తలెత్తి ఒక్కొక్కటే చదువుకుంటూ తిరిగాను. రాజుగారి మెట్లదారి కప్పు నిండా రాతి చెక్కడాలు, ఆయన గుర్తయిన, బల్లిలా కనిపించే సాలమాండర్. మూడు గంటలు పెట్టుకోండి, నాకు నాలుగూ చాలలేదు. మా వారికి మధ్యలో కాళ్లు లాగి, పెరట్లో కుర్చీ చూసుకుని కూర్చుండిపోయారు.

బస ఒక రిటైర్డ్ టీచరమ్మ ఇంట్లో. ఇద్దరికీ గది రోజుకు 82 యూరోలు, ఉదయం టిఫిన్ అందులోనే. రాత్రి భోజనం కావాలంటే ముందే చెప్పాలి, మనిషికి 24. మేం మాంసం తినం అని మెయిల్ పెడితే, కాడల ఉల్లిలాంటి పొరో వేసి చేసే ఆ ప్రాంతపు వంటకం ఫ్లామిష్ చేసింది. పల్చటి పిండి రొట్టెలో మగ్గబెట్టిన పొరో, మీగడ, కొంచెం జాజికాయ. వేడివేడిగా పొయ్యిలోంచి తీసి నేరుగా బల్ల మీద పెట్టింది. ప్రయాణం మొదలైనప్పటి నుంచి అన్నింట్లోనూ కారప్పొడి చల్లుకున్న మా వారు ఆ రాత్రి సంచి తెరవలేదు, రెండోసారి అడిగి వేయించుకున్నారు.

ఆవిడకు ఇంగ్లీషు రాదు. నా ఫ్రెంచ్ తప్పుల్ని ఒక్కసారి కూడా మధ్యలో ఆపలేదు, నా మాట పూర్తయ్యాక సరైన వాక్యాన్ని మామూలుగా తను అనేది. బల్ల మీద పెన్సిలు తీసుకుని "ఒపితాల్" అని రాసింది, ఓ నెత్తిన చిన్న టోపీ గుర్తు. ఆ టోపీ ఎందుకు పెడతారో ఎవరైనా చెప్పారా అని అడిగింది. లేదన్నాను. టోపీ రబ్బరుతో చెరిపి, పక్కన ఎస్ అక్షరం ఇరికించింది. హాస్పిటల్! అలాగే "ఫొరే"కి ఎస్ చేరిస్తే ఫారెస్ట్. ఒకప్పుడు పలికిన ఎస్ నోట్లోంచి పోయింది, కాగితం మీద మాత్రం ఉండిపోయింది, 1740లో ఫ్రెంచ్ భాషకు నియమాలు పెట్టే అకాడమీ తన నిఘంటువులో దాన్ని తీసేసి గుర్తు పెట్టింది అని చెప్పింది. ఏడాదిన్నర నేను ఆ టోపీల్ని బట్టీ పట్టాను. ఇప్పుడు అది కనబడితే, చాలాచోట్ల అక్కడొక ఎస్ ఉండేదని తెలుస్తోంది. చివర్లో "ఓత్" అని రాసింది, దానికీ టోపీ ఉంది. ఇంటికొచ్చిన అతిథినీ, అతిథిని చూసుకునేవాళ్లనీ ఫ్రెంచ్‌లో ఆ ఒక్క మాటతోనే పిలుస్తారట. ముందు తనవైపు, తర్వాత నావైపు పెన్సిలు చూపించింది.

ఆవిడ పుట్టిల్లు ఫ్రాన్స్ పడమటి అంచున ఉన్న బ్రెతాన్ ప్రాంతం. వాళ్ల అమ్మమ్మ చిన్నప్పుడు బడిలో బ్రెతోన్ భాష మాట్లాడితే మెడలో ఒక చెక్కముక్క వేలాడదీసేవారట. 1794లో గ్రెగ్వార్ అనే మతగురువు ఇచ్చిన నివేదిక గురించి కూడా ఆవిడే చెప్పింది. అప్పటి ఫ్రాన్స్‌లో ఫ్రెంచ్ చక్కగా మాట్లాడేవాళ్లు 30 లక్షలకు మించరనీ, మిగతా యాసలన్నిటినీ తుడిచేయాలనీ ఆయన రాశాడు. తెలుగులో మాట్లాడితే ఫైన్ వేసే బడులు మా దగ్గరా ఉన్నాయని నేను చెప్పాను. ఎంత వేస్తారు అని అడిగింది. మా మేనల్లుడికి మాటకు ఐదు రూపాయలు వేసేవారు. అదే చెబితే, చాలాసేపు ఏమీ అనలేదు.

రెండు రాత్రులు, ఒక భోజనం, మొత్తం 212 యూరోలు. రసీదు అంకెల్లో కాదు, మాటల్లో నువ్వే రాయి అని కాగితం నా ముందుకు తోసింది. తప్పు లేకుండా రాశాను. ఒకటే సలహా: పారిస్‌లో ఒక రోజు తగ్గించుకునైనా ఈ ఊళ్లో రెండు రాత్రులు ఉండండి. ఫ్రెంచ్ రానివాళ్లకు మాత్రం ఒక పూట సరిపోతుంది. మా వారైతే రెండో రోజు ఉదయమే వెళ్దామా అన్నారు.

బయల్దేరే ముందు సంచిలోంచి జిరాక్స్ తీసి ఆవిడకు ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని కిటికీ దగ్గరకు వెళ్లింది. ఏడాది మొత్తం మాటల్లోనే రాసి ఉంది, "మిల్ నఫ్ సాన్ త్రాంత్-సిస్". ఆ తర్వాత నేను ఇన్నాళ్లూ విడదీయలేకపోయిన చోటు వేలుపెట్టి చూపించాను. "మా ఎదుట హాజరై" అని దాని అర్థం. మన రిజిస్ట్రార్ ఆఫీసు దస్తావేజుల్లో రాసినట్టే! పుట్టుక రిజిస్టర్లో ఎక్కించాలన్నదీ, కాగితం ఫ్రెంచ్‌లో ఉండాలన్నదీ నాలుగు వీధుల అవతల ఆ కోటలో పెట్టిన సంతకం నుంచే మీ నాన్నగారి దాకా వచ్చింది అంది. యానాం ఎక్కడుందని అడిగితే ఫోన్‌లో గోదావరి చూపించాను.

మళ్లీ మొదటి నుంచి నెమ్మదిగా, గట్టిగా చదివింది. మా వారు సూట్‌కేసు కింద పెట్టి నిలబడి విన్నారు. అడుగున సంతకం దగ్గరికొచ్చి ఆగిపోయింది. ఇది నాకు రాదు, నువ్వు చదువు అని కాగితం నా చేతికిచ్చింది.

చదివాను.