ఓల్డ్ వరల్డ్: రెండేళ్లు ఆడాక నా మాట

బెంగళూరు మారతహళ్లిలో రూముకి చేరేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది, అప్పుడిక తుపాకులు పేల్చే ఆటలకి ఓపిక ఉండదు. అందుకే రెండేళ్ల కిందట ఓల్డ్ వరల్డ్ అనే కంప్యూటర్ స్ట్రాటజీ ఆట మొదలుపెట్టాను, ఇప్పటికీ వారానికి నాలుగు రాత్రులు అదే. కుక్కర్ కూత వేసినా, అమ్మ ఫోన్ చేసినా నేను టర్న్ (నా వంతు) ముగించేదాకా సైన్యం ఎక్కడిదక్కడే నిలబడి ఉంటుంది.

సివిలైజేషన్ 4 అనే పేరున్న స్ట్రాటజీ ఆటకి లీడ్ డిజైనర్‌గా చేసిన సోరెన్ జాన్సన్ ఆట ఇది, 2021లో వచ్చింది. రోమ్, ఈజిప్ట్, కార్తేజ్, పర్షియా లాంటి రాజ్యాల్లో ఒకటి తీసుకుంటాం. టర్న్‌కి ఒక ఏడాది గడుస్తుంది, మామూలుగా 200 టర్న్‌లు. అంటే రాజుకి వయసు మీద పడుతుంది, ఒకరోజు పోతాడు కూడా. నన్ను కట్టిపడేసింది అదే.

మొన్న కార్తేజ్‌తో ఆడుతున్నప్పుడు నా రాజు పెద్ద కొడుకు మీదే ఆశలన్నీ పెట్టుకున్నాను. చదువు, మంచి సంబంధం, అన్నీ వాడికే. రెండోవాణ్ణి అసలు పట్టించుకోలేదు. పెద్దవాడు జబ్బు చేసి పోయాడు, కొన్నేళ్లకే తండ్రీ పోయాడు, గద్దె మీదికి రెండోవాడు వచ్చాడు. తండ్రి సంపాదించిన పేరులో కొడుక్కి దక్కేది కొంతే, పేరు తగ్గితే ఆర్డర్లూ, అంటే ఒక టర్న్‌లో ఇవ్వగలిగే ఆజ్ఞలూ తగ్గుతాయి. రాజ్యంలో నగరాలు చూసుకునే పెద్ద కుటుంబాల్లో వాడంటే పడని ఒకదాని నగరాల దగ్గర తిరుగుబాటుదారులు లేచారు. సరిహద్దులో ఉన్న సైన్యాన్ని వెనక్కి పిలిపించడానికి ఆర్డర్లు చాల్లేదు. ఆ రాత్రి ఒంటిగంట దాకా టెన్షన్.

ఈ ఆర్డర్ల సంగతి కాస్త చెప్పాలి. ఒక్కో దళానికి టర్న్‌కి ఒక కదలిక అని ఉండదు, రాజ్యం మొత్తానికి కలిపి ఇన్ని ఆర్డర్లు అని ఇస్తారు, అవన్నీ గుర్రపుదళాన్ని అది అలసిపోయేదాకా తరమడానికే ఖర్చుపెడతారో, కూలీలతో రాతి గని తవ్విస్తారో మీ ఇష్టం. నెలాఖరులో జీతం సర్దినట్టే ఉంటుంది. తప్పు చేస్తే అన్‌డూ ఉంది, ధైర్యంగా ప్రయోగాలు చేయొచ్చు. కొత్త విద్యలు కార్డుల్లా వస్తాయి, ఒకటి తీసుకుంటే మిగతావి వెంటనే మళ్లీ రావు కాబట్టి ప్రతి ఆటలో ఒకే దారి పట్టడం కుదరదు.

ఇబ్బందులూ ఉన్నాయి. స్క్రీన్ నిండా అంకెలు. మౌస్ పెడితే వివరణ, ఆ వివరణలోని మాటకి ఇంకో వివరణ. నాకైతే మొదటి పది గంటలు తలనొప్పే. కథలా వచ్చే సంఘటనలు చాలా ఆటలు ఆడాక మళ్లీ ఎదురవుతాయి, 150వ టర్న్ దాటాక ఒక్కో టర్న్ అరగంట పడుతుంది. తెలుగు లేదు, చదవాల్సింది మాత్రం చాలా ఉంది, ఇంగ్లీషు చదివే ఓపిక లేనివాళ్లు కొనకండి. మిగతావాళ్లు కనీసం రెండు ఆటలు పూర్తిచేశాకే నచ్చిందో లేదో తేల్చుకోండి, మొదటిది నేర్చుకోవడానికే సరిపోతుంది.

హైదరాబాద్‌లో ఉండే మా బావతో క్లౌడ్‌లో (ఆన్‌లైన్‌లో, ఎవరి వీలుని బట్టి వాళ్లు టర్న్ ఆడుతూ) కూడా ఆడుతున్నాను, రాత్రి నేను, పొద్దున ఆయన. నిన్న "బావా, సంధి చేసుకుందామా?" అని మెసేజ్ పెడితే "ముందు నీ వారసుడి సంగతి చూసుకో రా" అన్నాడు. చూసుకున్నాను. ఈసారి ఇద్దరు పిల్లలకీ చదువు చెప్పిస్తున్నా.