జేబులో ఇమిడే ఇంకుపెన్ను: ఒక దస్తావేజు లేఖరి ఏడాది వాడకం

చిత్తూరులో దస్తావేజులు రాయడం నా వృత్తి. ఇప్పుడు అసలు దస్తావేజును కంప్యూటరు మీదే టైపు చేయిస్తున్నా, అంతకు ముందు పార్టీలు చెప్పే సర్వే నంబర్లు, విస్తీర్ణం, చెక్కుబందీ (నాలుగు వైపులా ఉన్న హద్దులు), సాక్షుల పేర్లు, వాళ్ళ తండ్రుల పేర్లు, ఊళ్ళు, అన్నీ చేత్తో చిత్తుగా రాసుకోవలసిందే. రోజుకు పది పన్నెండు పుటల రాత తప్పదు. బాల్‌పెన్నుతో అంత రాస్తే సాయంత్రానికి బొటనవేలి మొదట్లో నొప్పి పుట్టేది కనుక చాలా ఏళ్ళ కిందటే ఇంకుపెన్నుకు మారాను. అయితే మామూలు ఇంకుపెన్ను చొక్కా జేబులోంచి పైకి పొడుచుకొని ఉంటుంది. పొలంలో హద్దురాయి చూద్దామని వంగితే, మూత జేబుకే పట్టుకొని ఉండిపోయి, పెన్ను మాత్రం జారి పాళీ మీద పడుతుంది. అలా రెండు పెన్నులు పోగొట్టుకున్నాక, జేబులో పూర్తిగా మునిగే పొట్టి ఇంకుపెన్నుల కోసం వెతికాను. ఏడాదిలో మూడు రకాలు వాడాను. వీటిలో రోజువారీ రాతకు ఏది నిలుస్తుంది, ఏది నిలవదు అన్నదే ఇక్కడ చెప్పదలచుకున్నది.

మూత పెట్టి ఉన్నప్పుడు పొట్టిగా ఉండి, మూత తీసి వెనక తగిలించగానే చేతికి సరిపడే నిడివికి రావడమే ఈ పెన్నులలోని కిటుకు. ఈ కోవలో ఎక్కువ మందికి తెలిసినది జర్మనీ కంపెనీ కావెకో వారి స్పోర్ట్. 1883లో హైడెల్‌బర్గ్‌లో మొదలైన ఆ కంపెనీ మధ్యలో మూతబడినా, 1990లలో న్యూరెంబర్గ్ నుంచి ఆ పేరు మళ్ళీ లేచింది. నా దగ్గరున్నది ప్లాస్టిక్‌తో చేసిన క్లాసిక్ స్పోర్ట్. మూత పెడితే సుమారు 10.5 సెంటీమీటర్లు, వెనక తగిలిస్తే సుమారు 13. మూత ఎనిమిది పలకలుగా ఉండడం అందానికే అనుకున్నాను గానీ, వాలుగా ఉండే నా రాతబల్ల మీద పెన్ను దొర్లకుండా ఆగింది ఆ పలకల వల్లనే. బరువు ఎంత తక్కువంటే, మొదటి వారం రోజులు జేబులో ఉందో లేదో అని నేను పది సార్లు తడుముకున్నాను.

పాళీ విషయంలో నేను చేసిన పొరపాటు ఇతరులు చేయకూడదని కొంచెం వివరంగా రాస్తున్నాను. మొదట మీడియం పాళీ ఉన్నది తెప్పించుకున్నాను. ఇంగ్లీషులో సంతకం పెట్టి చూస్తే నల్లగా, నిండుగా, చూడముచ్చటగా ఉంది. తెలుగులో రాయగానే సంగతి తెలిసింది. మన అక్షరాలకు కడుపులు ఎక్కువ, ఆ కడుపులు చిన్నవి. ద, ధ, థ ఈ మూడింటికీ తేడా ఒక చిన్న గీతలోనూ, ఒక చుక్కలోనూ ఉంది; నా చేతిరాత పరిమాణంలో మీడియం పాళీతో రాస్తే థకారంలోని చుక్క చుట్టూ ఉన్న ఇంకుతో కలిసిపోయి, కడుపంతా నిండిన ముద్దలా కనిపించింది. ఇక మా వృత్తిలో రోజూ పదేపదే రాసే మాట రిజిస్ట్రేషన్. సకారం కింద టకారపు ఒత్తు, దానికి తోడు రకారపు ఒత్తు, పైన ఏత్వం: ఇన్నీ ఒక్క గీత సందులో పట్టాలి. పాళీ లావైతే ఒత్తులు కింది వరసలోని గుడిదీర్ఘాలను గుద్దుకుంటాయి. మర్నాడు టైపు చేసే అబ్బాయి 'రామనాథం' అన్న పేరును 'రామనాధం' అని కొట్టాడు. తప్పు వాడిది కాదు. పార్టీ చదువుకొని చెప్పబట్టి సరిపోయింది గానీ, రిజిస్టరయ్యాక బయటపడి ఉంటే మళ్ళీ సవరణ దస్తావేజు రాయవలసి వచ్చేది.

ఆ పెన్నును ఇంగ్లీషు నోట్సు రాసుకొనే మా అమ్మాయికి ఇచ్చేసి, ఫైన్ పాళీ ఉన్నదాన్ని తెప్పించాను. అప్పటి నుంచి ఒత్తులు విడివిడిగా, కడుపులు తెరిపిగా వస్తున్నాయి. తెలుగు రాతలో చేయి ఒకే వైపుకు నడవదు, ప్రతి అక్షరానికీ ఒక సున్నా చుట్టి వస్తుంది కనుక పాళీ కొన గుండ్రంగా ఉండి ఎటు తిప్పినా గీరుకోకుండా జారాలి. ఈ ఫైన్ పాళీ అలా జారుతుంది. చిన్న అక్షరాలు రాసేవారు ఇంకా సన్నమైన ఎక్స్‌ట్రా ఫైన్ తీసుకోవచ్చు, కానీ మన జిరాక్సు కాగితం మీద మరీ సన్నని కొన కాస్త గరగరలాడుతుందని నా అభిప్రాయం.

పొట్టి పెన్నుకు పొట్టి కడుపే ఉంటుంది. స్పోర్ట్‌లో పట్టేది చిన్న సైజు కార్ట్రిడ్జి, అంటే ఇంకు నింపి వచ్చే చిన్న ప్లాస్టిక్ గొట్టం. అందులో ఒక మిల్లీలీటరు ఇంకు కూడా ఉండదు. దానికి సరిపోయే కన్వర్టర్, అంటే సీసాలోంచి ఇంకును పీల్చుకొనే గొట్టం, దొరుకుతుంది గానీ అది మరీ చిన్నది, నాకు పనికొచ్చేది కాదని చూడగానే అర్థమైంది. నేను చేసే పని ఏమిటంటే, అయిపోయిన కార్ట్రిడ్జిని పారేయకుండా, మందుల షాపులో దొరికే 2 మిల్లీలీటర్ల సిరంజితో సీసాలోని ఇంకునే అందులోకి నింపుకుంటాను. రెండు కార్ట్రిడ్జిలు పొద్దున్నే నింపి ఒకటి పెన్నులో, ఒకటి పర్సులో పెట్టుకుంటే రోజంతా నడుస్తుంది. కొత్త కార్ట్రిడ్జిలు కొంటూ పోతే ఇంకు ఖర్చే పెన్ను ఖర్చును దాటుతుంది. క్యామెల్ సీసానో, బ్రిల్ సీసానో ఒకటి కొంటే నెలల తరబడి వస్తుంది. మామూలు రాయల్ బ్లూ నీళ్ళు తగిలితే కరిగిపోతుంది కనుక దాన్ని చిత్తు రాతకే వాడాలి. దస్తావేజు మీద సంతకాలకు నేను ఇప్పటికీ బాల్‌పెన్నే అందిస్తాను. దానికి మరో కారణం కూడా ఉంది. ఒకసారి సాక్షి చేతికి అలవాటుగా ఈ పెన్నే ఇచ్చాను. ఆయన దాన్ని తలకిందులుగా తిప్పి, పాళీ వీపు కాగితానికి ఆనించి, గట్టిగా రెండు సార్లు నొక్కి, "సా, ఇది రాయల్యా, బాల్ పెన్నుంటే ఈండి" అన్నాడు. పాళీ బతికింది గానీ నా గుండె ఆగినంత పనైంది.

రెండోది ఎబొనైటును, అంటే గట్టిపరచిన రబ్బరును, చేత్తో లేతు మీద తిప్పి చేసిన పొట్టి పెన్ను. మన దేశంలో, అందులోనూ తెలుగునాట, ఈ పనికి మంచి చరిత్ర ఉంది. స్వదేశీ ఉద్యమ కాలంలో గాంధీజీ మాట మీద రాజమండ్రిలో రత్నం గారు పెన్నులు చేసిన సంగతి మన పెద్దలందరికీ తెలుసు. తిరుపతి నుంచి మద్రాసు వెళ్ళే రైలు దారిలోని తిరువళ్ళూరులో రంగా పెన్నులు ఇప్పటికీ చేత్తోనే తయారవుతున్నాయి. నేను కొన్నది వీళ్ళెవరిదీ కాదు, ఎవరిదో చెప్పడం ఇక్కడ అవసరం కూడా కాదు. ఎందుకంటే జరిగినదానికి మూలం ఆ పెన్ను నింపే పద్ధతిలోనే ఉంది.

ఈ పెన్నుకు కార్ట్రిడ్జి ఉండదు. మర విప్పి, కడుపులోకి ఫిల్లరుతో ఇంకు పోయాలి. చిన్నప్పుడు బడిలో మనమంతా చేసిన పనే. ఇంకు కార్ట్రిడ్జిలో కన్నా రెండు మూడింతలు ఎక్కువ పడుతుంది, రెండు రోజులు తిరిగి చూడనక్కరలేదు, ఎబొనైటు చేతికి చెమటలోనూ జారదు. కూర్చొని రాసేవారికి ఇంతకన్నా సుఖమైన పెన్ను నేను చూడలేదు. ఇబ్బంది ఎక్కడంటే, కడుపులో ఇంకు తగ్గేకొద్దీ ఆ ఖాళీలో గాలి చేరుతుంది. గాలికి వేడి తగిలితే వ్యాకోచిస్తుంది. దానికి బయటికి పోయే దారి పాళీ ఒక్కటే కనుక, దారిలో ఉన్న ఇంకును ముందుకు నెడుతుంది. దీన్నే మనం పెన్ను కక్కింది అంటాం. మే నెలలో ఒక పొలం కొలతలకు వెళ్ళాను. ముందు రోజు నింపిన ఇంకు సగమైంది, ఎండ నెత్తిన ఉంది, పెన్ను గుండెకు ఆనుకొని ఉంది. గట్టు మీద కాగితం పరిచి మూత తీసేసరికి పాళీ, దాని కింది నాలుక, పెన్ను మెడ అన్నీ నీలం. 'తూర్పు: కాలువ' అని రాయబోయిన చోట పావలా కాసంత చుక్క రాలి, కాలువ ఉన్నచోట చెరువు వెలిసింది.

అంతకన్నా గట్టి పరీక్ష తిరుమల ఘాట్ రోడ్డు మీద జరిగింది. తిరుమల సముద్రమట్టానికి దాదాపు 850 మీటర్ల ఎత్తున ఉంది, కింద తిరుపతి 150 మీటర్ల దగ్గర ఉంది. ఆ 700 మీటర్లు ఎక్కేలోపు బయటి గాలి ఒత్తిడి సుమారు 8 శాతం తగ్గుతుంది. అంటే పెన్నులో బిగుసుకొని ఉన్న గాలి అంత మేర పెరగడానికి చూస్తుంది. ఎబొనైటు పెన్నులో ఒక మిల్లీలీటరు ఖాళీ ఉంటే, బయటికి వచ్చే ఇంకు చుక్కా చుక్కన్నర అవుతుంది. చిన్న కార్ట్రిడ్జి సగం ఖాళీ అయినా లోపల గాలే తక్కువ కనుక చుక్కకు కూడా చాలదు, దాన్ని నాలుకలోని సన్నని గాడులే పట్టి ఉంచుతాయి. లెక్క ఇలా ఉంటుందని ముందే తెలిసినా, కళ్ళతో చూడాలనిపించి, మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళినప్పుడు రెండు పెన్నులనూ సగం ఇంకుతో సంచిలో అడ్డంగా పడుకోబెట్టి బస్సెక్కాను. పైకి చేరాక తీసి చూస్తే, స్పోర్ట్ మూతలో తడి లేదు. ఎబొనైటు మూతలో మాత్రం ఇంకు తిరుగుతోంది. తర్వాతి సారి అదే ఎబొనైటు పెన్నును నిండుగా నింపి, పాళీ పైకి ఉండేలా జేబులో నిలబెట్టి తీసుకెళ్ళాను. ఒక్క చుక్క రాలేదు. పాళీ పైకి ఉంటే గాలి కూడా పైకే చేరుతుంది కనుక, ఇంకును తోయకుండా తన దారిన తాను పోతుంది. అలిపిరి మెట్ల మీదుగా నడిచి వెళ్ళేవారికైనా, బస్సులో వెళ్ళేవారికైనా ఈ ఒక్క జాగ్రత్త చాలు. అయితే కొండ మీద గదిలో రాసుకొని, ఇంకు తగ్గిన పెన్నును అలాగే ఎండలో జేబులో పెట్టుకుంటే మళ్ళీ మొదటికే వస్తుంది.

ఈ కారణం వల్లనే స్పోర్ట్‌కు విడిగా అమ్మే క్లిప్పును కూడా కొనమని చెబుతాను. క్లిప్పు లేని పెన్ను జేబులో అడ్డంగా పడిపోతుంది. క్లిప్పు పెన్నుతో పాటే రాకపోవడం నాకు నచ్చని విషయం. ఆ ధరకు దాన్ని కూడా జత చేసి ఉండవలసింది.

మూడోది నాది కాదు, తిరుపతిలో ఉండే మా బావగారిది. జపాన్‌కు చెందిన పైలట్ వారి ఎలైట్ 95ఎస్. 1960లలో, 70లలో జపాన్‌లో చొక్కా జేబు కోసం పొడుగు మూత, పొట్టి ఒడలు ఉండే పెన్నులు విరివిగా వచ్చాయి; 1918లో మొదలైన పైలట్ కంపెనీ తన 95 ఏళ్ళ గుర్తుగా ఆ పాత నమూనాను మళ్ళీ తెచ్చింది. 14 క్యారట్ల బంగారు పాళీ. "రెండు వారాలే బావా, పార్టీల చేతికి మాత్రం ఇయ్యొద్దు" అని షరతు పెట్టి ఇచ్చారు. రాత గురించి చెప్పాలంటే, ఒత్తులు పూసలు గుచ్చినట్టు వచ్చాయి. జపాన్ ఫైన్ పాళీ జర్మనీ ఫైన్ కన్నా సన్నగా రాస్తుంది, తెలుగుకు అది వరమే. మూత లాగితే వస్తుంది, పెడితే పడుతుంది. స్పోర్ట్‌కు మాదిరి మర తిప్పనక్కరలేదు. పార్టీ ఒక మాట చెప్పి ఆగి, పక్కవాళ్ళను అడిగి, మళ్ళీ చెప్పే మా పనిలో ఈ సౌకర్యం విలువ తెలిసింది. కానీ పైలట్ సొంత కార్ట్రిడ్జి, సొంత కన్వర్టర్ తప్ప వేరేవి దీనికి పట్టవు, ధర స్పోర్ట్‌కు ఎన్నో రెట్లు. హద్దురాళ్ళ మధ్య తిరిగేవాడు జేబులో పెట్టుకొనే వస్తువు కాదు. గడువు కన్నా రెండు రోజుల ముందే తిరిగి ఇచ్చేశాను.

రోజూ బయట తిరుగుతూ తెలుగులో రాసేవారికి నా సలహా ఫైన్ పాళీ ఉన్న క్లాసిక్ స్పోర్ట్, దానికి ఒక క్లిప్పు, ఒక సిరంజి. చిత్తూరులోనూ, తిరుపతిలోనూ నేను అడిగిన దుకాణాల్లో లేకపోవడంతో ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. అన్నీ కలిపి రెండు వేల పైచిలుకు అయింది. కదలకుండా బల్ల దగ్గర రాసేవారు అందులో సగం డబ్బుతో మంచి ఎబొనైటు పెన్ను కొనుక్కోవచ్చు. నా ఎబొనైటు పెన్ను ఇప్పుడు ఆఫీసు బల్ల మీద, పాత గాజు గ్లాసులో పాళీ పైకి నిలబడి ఉంటుంది. పొద్దున్నే ఫ్యాను వేసే ముందు దాన్ని నిండుగా నింపుతాను, పొలానికి బయల్దేరేటప్పుడు అక్కడే వదిలి వెళ్తాను.