మొదటిసారి స్కీయింగ్‌కు వెళ్లే పాలమూరు కుటుంబానికి గుల్మార్గా, ఔలీనా, సోలంగా?

చలికాలపు సెలవుల్లో పిల్లలను మంచు కొండలకు తీసుకువెళ్లి స్కీయింగ్ నేర్పించాలన్న కోరిక మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రాంతాల కుటుంబాల్లో ఇప్పుడు తరచుగా వినబడుతోంది. జడ్చర్ల, షాద్‌నగర్ వైపు వారికి శంషాబాద్ విమానాశ్రయం దగ్గర కావడం వల్ల, నల్లగొండ వైపు వారికి నార్కట్‌పల్లి రహదారి బాగుండడం వల్ల ప్రయాణం కష్టమన్న భయం పోయింది. మిగిలింది ఏ ఊరికి వెళ్లాలన్న ప్రశ్న. దీనికి చాలామంది కొండ ఎత్తును, రోప్‌వే పొడవును చూసి సమాధానం వెతుకుతున్నారు. కశ్మీర్‌లోని గుల్మార్గ్, ఉత్తరాఖండ్‌లోని ఔలీ, హిమాచల్ ప్రదేశ్‌లోని సోలంగ్ మూడింటినీ వేర్వేరు చలికాలాల్లో కుటుంబంతో చూసిన తరువాత మేము వేరే నిర్ణయానికి వచ్చాము. ఎండలకు అలవాటుపడి, మంచును ఎన్నడూ తొక్కని మనవంటి వారికి కొండ శిఖరం ఎంత ఎత్తుందన్నది ముఖ్యం కాదు. కొండ అడుగున నేర్చుకోవడానికి మెత్తని వాలు ఉందా, అక్కడ ఓపికగా నేర్పేవారు ఉన్నారా, రాత్రి పడుకునే గది తెల్లవారే దాకా వెచ్చగా ఉంటుందా అన్నవే తేల్చుకోవలసినవి.

ఊరి కంటే ముందు తేదీని ఎంచుకోవాలి. మనకు సెలవులంటే సంక్రాంతి. కానీ ఆ వారంలో హిమాలయాల్లో స్కీయింగ్‌కు సరిపడా మంచు ఉంటుందన్న నమ్మకం లేదు. అక్కడ మంచు కురవడానికి కారణం మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే పశ్చిమ అలజడులు అనే వాతావరణ వ్యవస్థలు. అవి ఆలస్యమైతే చలి ఎంత ఉన్నా నేల మాత్రం గోధుమ రంగులోనే ఉంటుంది. 2024 జనవరిలో గుల్మార్గ్‌లో దాదాపు నెలంతా అదే పరిస్థితి ఉండి, నెల చివర్లో గానీ మంచు పడలేదు. 2025 ఫిబ్రవరిలో జరగవలసిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడల గుల్మార్గ్ పోటీలను మంచు చాలక మార్చికి వాయిదా వేశారు. కశ్మీరీలు డిసెంబర్ 21 నుంచి నలభై రోజులను చిల్లై కలాన్ అంటారు. అది తీవ్రమైన చలి కాలమే అయినా, ఆ నలభై రోజులు నిండే సమయానికి పేరుకున్న మంచు మీద ఫిబ్రవరి మొదటి పదిహేను రోజుల్లో నేర్చుకోవడం సాధారణంగా సుఖంగా ఉంటుంది. ఇంటర్ చదివే పిల్లలున్న ఇంటికి ప్రాక్టికల్స్, పరీక్షల వల్ల ఫిబ్రవరి కుదరదన్నది నిజమే. అటువంటి వారు సంక్రాంతికే వెళ్లవలసి వస్తే మంచు లేకపోయినా చూడదగినవి ఉన్న ఊరినే ఎంచుకోవాలి, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి ఇచ్చే గదినే తీసుకోవాలి.

ఇక గుల్మార్గ్ సంగతి. మొదటిసారి వెళ్లేవారికి నేను నిస్సంకోచంగా చెప్పేది ఈ ఊరి పేరే, అయితే దానికి ప్రపంచమంతటా పేరు తెచ్చిన ఎత్తైన వాలుల కోసం కాదు. బారాముల్లా జిల్లాలో సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊరి నడుమ వేసవిలో గోల్ఫ్ ఆడే విశాలమైన మైదానం ఉంది. చలికాలంలో ఆ మైదానమూ, దాని అంచుల్లోని చిన్న వాలులూ కొత్తవారికి బడి అవుతాయి. జారినా దూరం పోరు, పడినా పెద్ద దెబ్బ తగలడం అరుదు, తల్లిదండ్రులు ఒక చోట కూర్చుని పిల్లలను కనిపెట్టుకోవచ్చు. పర్యాటక మంత్రిత్వ శాఖ కింద నడిచే భారతీయ స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ కూడా ఇక్కడే ఉంది. దాని కోర్సులో చోటు దొరికితే అంతకు మించినది లేదు. దొరకకపోతే లైసెన్సు ఉన్న శిక్షకుణ్ణి రోజు లెక్కన కుదుర్చుకోవచ్చు.

మాకు నేర్పిన శిక్షకుడు మొదటి పూటంతా కొండ వైపు చూడనివ్వలేదు. ఎలా పడాలో, పడిన తరువాత స్కీలను వాలుకు అడ్డంగా పెట్టి ఎలా లేవాలో, పక్క అడుగులతో వాలును ఎలా ఎక్కాలో చేయించి, ఆ తరువాత స్కీల ముందు కొనలను దగ్గరకు, వెనుక కొనలను దూరంగా పెట్టి వేగాన్ని ఎలా ఆపాలో చూపించాడు. ఆగడం వచ్చిన తరువాతే జారడం నేర్పాడు. శిక్షకుణ్ణి కుదుర్చుకునే ముందు ఈ క్రమం పాటిస్తాడో లేదో అడిగి తెలుసుకోవాలి. ఒక పూటలోనే ఎత్తైన వాలు మీద ఫోటో తీయిస్తానని చెప్పేవారిని దూరంగా ఉంచడం మంచిది. ఇక్కడ మన పాలమూరు వారికి ఒక సదుపాయం ఉంది. మన బజారులో విని నేర్చుకున్న ఉర్దూ అక్కడ చక్కగా పనికి వస్తుంది. మా అమ్మ దఖ్ఖనీ యాసలో అడిగిన ప్రతి మాటకూ ఆ శిక్షకుడు "మాజీ" (అమ్మగారూ) అంటూ నిదానంగా జవాబు చెప్పాడు, భాష తెలియక పిల్లలు బెదిరిపోయే ఇబ్బంది మాకు ఎక్కడా రాలేదు.

గుల్మార్గ్ గొండోలా, అంటే కొండ మీదకు తీగల మీద వెళ్లే కేబుల్ కారు, రెండు అంచెలుగా ఉంటుంది. 1998లో మొదలైన మొదటి అంచె 3,000 మీటర్లు దాటిన కొంగ్‌డూరి దాకా, 2005లో వచ్చిన రెండవ అంచె అఫర్వట్ కొండ మీద దాదాపు 3,950 మీటర్ల దాకా తీసుకువెళ్తాయి. టికెట్లను జమ్మూకశ్మీర్ కేబుల్ కార్ కార్పొరేషన్ ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. రద్దీ రోజుల్లో అవి ముందే అయిపోతాయి కాబట్టి విమాన టికెట్ కొన్న వెంటనే వీటిని కూడా కొనుక్కోవాలి. మొదటి అంచె ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. రెండవ అంచె విషయంలో నేను గట్టిగా వారిస్తాను. గుండె జబ్బు, రక్తపోటు ఉన్న పెద్దవారు ఆ ఎత్తుకు ఒక్కసారిగా వెళ్లడం క్షేమం కాదు. కొత్తగా నేర్చుకున్నవారికి అక్కడి నుంచి జారి దిగే యోగ్యత ఉండదు. 2024 ఫిబ్రవరిలో అఫర్వట్ వాలుల్లో మంచు చరియలు విరిగిపడి రష్యాకు చెందిన ఒక స్కీయర్ మరణించాడు. గస్తీ సిబ్బంది మూసివేసిన వాలు వైపు ఎంత అనుభవజ్ఞుడు పిలిచినా వెళ్లకూడదు.

శ్రీనగర్ విమానాశ్రయం నుంచి గుల్మార్గ్‌కు యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరం. చివరి పదమూడు కిలోమీటర్లు తంగ్‌మార్గ్ నుంచి ఎక్కే ఘాట్ రోడ్డు. మంచు పడినప్పుడు అక్కడ చక్రాలకు గొలుసులు కట్టిన బండినో, నాలుగు చక్రాలూ లాగే బండినో మాత్రమే పైకి పంపుతారు. అందుకే శ్రీనగర్‌లో బండి మాట్లాడుకునేటప్పుడే గుల్మార్గ్ దాకా వస్తుందో, తంగ్‌మార్గ్‌లో దింపుతుందో స్పష్టంగా తేల్చుకోవాలి. తంగ్‌మార్గ్‌లో కోట్లు, గమ్ బూట్లు అద్దెకిచ్చే దుకాణాల ముందు, పైన స్లెడ్జి బళ్లు లాగేవారి నడుమ ఒత్తిడి ఎక్కువగానే ఉంటుంది. వారి బతుకుతెరువు ఆ నాలుగు నెలలదేనన్న ఎరుకతో మర్యాదగా మాట్లాడి, ప్రభుత్వం బోర్డు మీద రాసిన ధరను చూసి ముందే ఖాయం చేసుకుంటే తగాదా ఉండదు. తెలంగాణలో తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ జమ్మూకశ్మీర్‌లో పనిచేయదు కనుక ఇంట్లో ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. మంచు వల్ల, పొగమంచు వల్ల విమానాలు రద్దు కావడం మామూలే కాబట్టి తిరుగు ప్రయాణానికి ముందు శ్రీనగర్‌లో ఒక రోజు ఖాళీగా ఉంచుకోవాలి. 2025 జూన్‌లో కాట్రా, శ్రీనగర్‌ల మధ్య వందే భారత్ రైలు మొదలవడంతో రద్దయిన రోజున మరొక దారి దొరికింది. అదే సంవత్సరం ఏప్రిల్‌లో పహల్గామ్‌లో జరిగిన దారుణం తరువాత ఇంట్లో పెద్దలు భయపడడం సహజం. ప్రయాణానికి ముందు ప్రభుత్వ సూచనలు చూసుకుని, ఏ ప్రాంతాలు తెరిచి ఉన్నాయో తెలుసుకున్నాకే బయలుదేరాలి.

గదుల గురించి కాస్త ఎక్కువగానే చెప్పాలి, ఎందుకంటే మనవారి ప్రయాణాలు చెడేది వాలు మీద కాదు, గదిలో. మేము దిగిన ఒక బసలో ఫోటోల్లో చూపిన హీటింగ్ రాత్రి పది గంటలకు ఆగిపోయింది. అడిగితే అదనపు హీటర్‌కు వేరే రుసుము కట్టాలన్నారు. తెల్లవారేసరికి బాత్రూమ్ పైపులో నీళ్లు గడ్డకట్టి, దగ్గుతో లేచిన పాపను ఆ రోజు వాలు మీదకు తీసుకువెళ్లలేకపోయాము. అప్పటి నుంచి గది తీసుకునే ముందు ఫోన్‌లో మేము అడిగే మాటలు వేరు. హీటింగ్ ఇల్లంతటికీ ఉందా, గదికి ఒక్క యంత్రమేనా, కరెంటు పోతే జనరేటర్ హీటర్‌ను నడుపుతుందా, వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయి, పరుపు మీద ఎలక్ట్రిక్ దుప్పటి ఉందా అని అడుగుతాము. కట్టెలతో గదిని వేడిచేసే పొయ్యి, అంటే బుఖారీ, ఉన్న గది ఎంతో హాయిగా ఉంటుంది గానీ, దాని పొగగొట్టం సరిగా ఉండాలి, కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి, నిద్రపోయే ముందు ఆర్పివేయాలి. మూసిన గదిలో బుఖారీ నుంచి, కాంగడీ అనే చిన్న నిప్పుల కుండ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. చవకగా ఉందని తంగ్‌మార్గ్‌లో దిగడం కంటే, రోజులు తగ్గించుకుని గుల్మార్గ్‌లోనే నేర్చుకునే మైదానానికి నడిచి వెళ్లగలిగిన చోట ఉండడం మేలు.

తిండికి కశ్మీర్‌లో మనకు లోటు లేదు. వారిది కూడా అన్నం తినే దేశం. హాక్ అనే ఆకుకూర, నద్రూ అనే తామరతూడు కూర, రాజ్మా మన నోటికి బాగానే పడతాయి. వెంట తీసుకువెళ్లిన సకినాలు, కారం పొడి, మామిడి తొక్కు మొదటి రోజుకే సగమయ్యాయి.

అద్దె సామాను విషయంలో బూటే ప్రధానం. స్కీ బూటు బిగించి ముందుకు వంగినప్పుడు మడమ లేవకూడదు, వేళ్లు మాత్రం కదలాలి. చలికి భయపడి రెండు జతల మందపాటి సాక్సులు వేసుకుంటే రక్తప్రసరణ తగ్గి కాళ్లు ఇంకా చల్లబడతాయి కాబట్టి ఒక్క జత పొడవైన సాక్సులు చాలు. పడినప్పుడు స్కీ ఊడిపోయేలా, బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌ను మనిషి బరువును బట్టి సరిచేయించుకోవాలి. కొత్త మంచు అతినీలలోహిత కిరణాలను 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది కనుక నల్ల కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ లేకుండా ఎవరినీ బయటికి పంపకూడదు.

ఔలీ మా మనసుకు దగ్గరైన చోటు. ఎదురుగా 7,816 మీటర్ల నందాదేవి, చుట్టూ దేవదారు చెట్లు, కశ్మీర్ కంటే తక్కువ జనం. 2011లో మొదటి దక్షిణాసియా శీతాకాల క్రీడలు ఇక్కడా డెహ్రాడూన్‌లోనూ జరిగాయి. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ ఏడు రోజుల, పద్నాలుగు రోజుల స్కీయింగ్ కోర్సులు నడుపుతుంది. క్రమశిక్షణతో పూర్తిగా నేర్చుకోదలచిన యువకులకు ఇది నిజంగా మంచి అవకాశం. ఔలీకి దిగువన ఉన్న జోషీమఠ్ ఊళ్లో నరసింహస్వామి ఆలయం ఉంది. బదరీనాథ్ మూసి ఉండే చలికాలంలో ఆదిశంకరుల గద్దెను అక్కడికే తెస్తారు. యాదగిరిగుట్ట, మట్టపల్లి నరసింహస్వాములను కొలిచే నల్లగొండ వారికి ఆ దర్శనం ఎంత తృప్తినిస్తుందో మా బంధువుల ముఖాల్లో చూశాను. అయితే చిన్నపిల్లలున్న కుటుంబాలకు నేను ఔలీని ముందుగా చెప్పలేను. రిషికేశ్ నుంచి జోషీమఠ్ దాకా దాదాపు 250 కిలోమీటర్ల కొండ దారి ఒక పగలంతా పడుతుంది. 2023 జనవరిలో జోషీమఠ్ నేల కుంగి ఇళ్లు బీటలు వారిన తరువాత అక్కడి నుంచి ఔలీకి వెళ్లే నాలుగు కిలోమీటర్ల రోప్‌వేను ఆపివేశారు. అందువల్ల ఔలీకి రోడ్డే ఆధారం, మంచు ఎక్కువైతే ఆ రోడ్డూ ఆగిపోతుంది. మంచు తక్కువైన సంవత్సరాల్లో వాలు మధ్యలో గడ్డి కనబడడమూ ఉంది.

సోలంగ్ గురించి క్లుప్తంగా చెబితే చాలు. మనాలీకి పదమూడు కిలోమీటర్ల దూరంలో ఉండడం, ఢిల్లీ నుంచి రాత్రి బస్సులు ఉండడం, బసలు అన్ని ధరల్లో దొరకడం దాని బలాలు. మనాలీలోని అటల్ బిహారీ వాజ్‌పేయీ పర్వతారోహణ సంస్థ స్కీ కోర్సులు నడుపుతుంది. కానీ సెలవు రోజుల్లో స్కీ వాలు, స్లెడ్జిలు, మోటారు బళ్లు, ఫోటోలు తీసుకునే జనం అన్నీ ఒకే చోట కలిసిపోయి కొత్తవారికి జారేందుకు చోటు దొరకదు. మంచు చూసి, ఆడుకుని రావాలనుకునే కుటుంబానికి సోలంగ్ సరిపోతుంది. అక్కడ మంచు లేకపోయినా, 2020లో తెరిచిన తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం దాటి లాహౌల్ వైపు సిస్సూ దాకా వెళితే దొరికే అవకాశం ఉంది. సంక్రాంతికి తప్ప వీలుకాని వారికి దీన్ని చెప్పేది ఈ కారణంగానే.

ఆగడం, మలుపు తిరగడం వచ్చేసిన పిల్లలు ఇంకా పెద్ద వాలు కావాలని అడిగితే, కజకిస్థాన్‌లోని అల్మాటీ దగ్గర షింబులాక్‌ను పరిశీలించవచ్చు. భారతీయులకు అక్కడ పద్నాలుగు రోజుల దాకా వీసా అవసరం లేదు. నగరం నుంచి మెదెయు చేరుకుంటే అక్కడి గొండోలా 2,260 మీటర్ల దగ్గరున్న రిసార్టుకు, ఆ పై లిఫ్టులు 3,200 మీటర్ల దాకా తీసుకువెళ్తాయి. నగరంలో వెచ్చని గదిలో ఉండి పగలు వాలుకు వెళ్లి రావచ్చు. కానీ మొదటి పాఠానికి పరాయి దేశం వెళ్లవలసిన పని లేదు. భాష తెలిసిన శిక్షకుడు, అన్నం పెట్టే ఇల్లు, చిన్నపిల్లలు పడినా భయం లేని మైదానం గుల్మార్గ్‌లోనే ఉన్నాయి. మేము వచ్చే ఫిబ్రవరికి ఇంకా స్కీలు కట్టని పిల్లలను అక్కడికే తీసుకువెళ్తున్నాము.