క్రైస్తవం, ప్రాచ్య ఆధ్యాత్మికత: ఒక ఆన్‌లైన్ కోర్సుపై సమీక్ష

క్రైస్తవాన్నీ ప్రాచ్య ఆధ్యాత్మిక సంప్రదాయాలనూ పక్కపక్కన నిలిపి చర్చించే ఈ ఆన్‌లైన్ ఉపన్యాసాలను పూర్తిగా విన్నాను; విశ్వాసిని నొప్పించకుండా, సందేహిని చిన్నబుచ్చకుండా సాగే బోధన వీటి బలం. జర్మన్ మార్మికుడు మైస్టర్ ఎక్‌హార్ట్ మాటలను శంకరుల అద్వైతంతో పోల్చిన భాగం అమూల్యమైనది. పైగా, ఎక్‌హార్ట్ బోధనల్లో కొన్నింటిని 1329లో పోపు ఖండించిన సంగతిని కూడా దాచకుండా చెప్పడం నిజాయితీకి గుర్తుగా నాకు తోచింది. ధ్యానంపై పాఠం మరీ క్లుప్తంగా ఉంది.

అయితే బైబిల్లో ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో (లేఖలో) క్రీస్తు తన్ను తాను రిక్తునిగా చేసుకోవడమూ, బౌద్ధ తాత్వికుడు నాగార్జునుని శూన్యతా ఒకటేనన్న ఈ కోర్సు వాదనతో నేను ఏకీభవించలేను. మొదటిది ప్రేమతో చేసిన త్యాగం. రెండవది, దేనికీ స్వతఃసిద్ధమైన ఉనికి లేదనే తాత్విక నిర్ణయం. ఈ తేడాను విడమరచే మరో పాఠాన్ని బోధకులు తప్పక చేర్చాలి.