కౌన్సెలింగ్ చేస్తూ ప్రేమ నవలలు రాసేవారికి స్క్రివెనర్ ఎంతవరకు నమ్మకం?

పగలంతా సెషన్లు, మిగిలిన కాస్త సమయంలో నవల. ఇలా రాసేవారికి నాలుగు వందల పేజీల వర్డ్ ఫైలు పెద్ద అడ్డంకి. పుస్తకాలు రాసేవారి కోసం చేసిన సాఫ్ట్‌వేర్ స్క్రివెనర్ 3 లో ఒక్కో సన్నివేశం విడి డాక్యుమెంటుగా ఎడమ పక్క బైండర్ అనే జాబితాలో ఉంటుంది. విడిపోయే ఘట్టం రాసే ఓపిక లేని రోజున తొలి పరిచయం తెరిచి దిద్దుకోవచ్చు. ప్రాజెక్ట్ టార్గెట్స్‌లో గడువు పెట్టి, వారంలో రాసే రోజులకే టిక్ పెడితే రోజువారీ లక్ష్యం అదే లెక్కగడుతుంది. 80,000 పదాలు, వారానికి మూడు రోజులు, 40 వారాలు అనుకుంటే పూటకి సుమారు 670 పదాలు. బరువైన కేసులుండే రోజులకు టిక్ తీసేయండి, ఆ సాయంత్రాలు రాసిన ప్రేమ సంభాషణలు తరచూ సెషన్‌లా వినిపిస్తాయి.

కౌన్సెలర్‌కి అసలు ఉపయోగం కస్టమ్ మెటాడేటా, అంటే ఒక్కో సన్నివేశానికి మనం సొంతంగా చేర్చుకునే వివరాల గడులు. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ‘మూలం’ అని ఒక జాబితా పెట్టండి: పూర్తి కల్పన, బహిరంగ విషయం, అనుమానం. సన్నివేశాలన్నీ పట్టికగా కనిపించే అవుట్‌లైనర్‌లో ఆ గడి చూపిస్తే ఏ సన్నివేశంలో క్లయింటు ఛాయ పడిందో ఒక్క చూపులో తెలుస్తుంది. పేరు, వయసు మారిస్తే సరిపోదు. వృత్తి, కుటుంబ పరిస్థితి, ఒక అరుదైన సంఘటన కలిస్తే ఆ మనిషి తనను తాను గుర్తుపడతారు. ‘అనుమానం’ అన్నవాటిని మార్చడం కాదు, తీసేసి కొత్తగా అల్లడమే సరైన పని. కథలోనే కౌన్సెలర్, మాజీ క్లయింటు ప్రేమించుకుంటే తేదీ గడి కూడా పెట్టుకోండి. అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ 2014 నియమావళి ప్రకారం చివరి వృత్తిపరమైన కలయిక తర్వాత అయిదేళ్ల వరకు అలాంటి సంబంధం నిషిద్ధం.

ఇక లోపం, చిన్నది కాదు. ప్రాజెక్టుకి పాస్‌వర్డ్ లేదు. లోపల సన్నివేశాలు దాచే ఆర్‌టీఎఫ్ (సాధారణ టెక్స్ట్) ఫైళ్లు ఎవరైనా తెరవగలరు. సన్నివేశం తీసేసినా అది బైండర్ ట్రాష్‌లో, స్నాప్‌షాట్లలో (దాచుకున్న పాత ప్రతుల్లో), జిప్ బ్యాకప్‌లలో ఉంటుంది. మూడు చోట్లా తుడవాలి. విండోస్‌లో బిట్‌లాకర్, మాక్‌లో ఫైల్‌వాల్ట్‌తో డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేయడం తప్పనిసరి. క్లయింట్ నోట్సున్న కంప్యూటరు వేరుగా ఉంటే ఇంకా మంచిది.

సన్నివేశాలన్నిటినీ కలిపి ఒకే ఫైలుగా బయటికిచ్చే కంపైల్ మొదట్లో చిరాకు పెడుతుంది, ఈపబ్, డాక్స్, పీడీఎఫ్ మాత్రం చక్కగా ఇస్తుంది. బయటికి తీసేముందు మెటాడేటాలో రచయిత పేరు చూడండి. అక్కడ కలం పేరు లేకుండా అసలు పేరుంటే ఈబుక్‌లోకి వెళ్లిపోతుంది.

ఆండ్రాయిడ్ యాప్ లేదు. ఐఫోన్‌కి డ్రాప్‌బాక్స్ సింక్ కావాలి. ఒకచోట మూసి, సింక్ పూర్తయ్యాకే రెండోచోట తెరవాలి, తొందరపడితే నకలు ఫైళ్లు పుట్టి గందరగోళం అవుతుంది.

ఉచిత ట్రయల్ 30 రోజులు, తెరిచిన రోజులే లెక్క. వారానికి రెండు రోజులు రాసేవారికి పదిహేను వారాలు వస్తుంది. ఆలోపు ఒక అధ్యాయాన్ని కంపైల్ దాకా తీసుకెళ్లి చూశాకే కొనండి.