వెలిగే చేతులు: చేతుల శుభ్రత నేర్పే యూవీ కిట్ ఎంతవరకు పనికొస్తుంది?

పెట్టె మీద పెద్దక్షరాలతో ‘సూక్ష్మజీవులను కళ్లారా చూడండి’ అని రాసి ఉంటుంది. లోపల సూక్ష్మజీవులను చూపించే వస్తువు ఒక్కటీ ఉండదు. అయినా బడిలోనో కాలనీలోనో చేతుల శుభ్రత గురించి చెప్పేవాళ్లు కొనదగ్గ కిట్టే ఇది. కాకపోతే ఆ అట్ట మీది గొప్పలు పక్కనపెట్టి, ఇది నిజంగా ఏం చూపిస్తుందో తెలుసుకుని వాడాలి.

లోపలి సరంజామా ఇది: పంపు మూత ఉన్న 250 మి.లీ. జెల్ సీసా, అదే సైజులో అదే నీలం మూతతో ఇంకో సీసా, ఒక చిన్న డబ్బా పొడి, జేబులో పట్టే యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చి, మడతపెట్టే నల్ల అట్టపెట్టె, ఎనిమిది పేజీల ఫ్లిప్‌చార్టు, టీచరుకు ఒక చిన్న పుస్తకం, ప్రశ్నపత్రాల కట్ట. జెల్‌కు మంచి మార్కులు వేయొచ్చు. టార్చికి అత్తెసరు. ప్రశ్నపత్రాలకు సున్నా.

జెల్ అంటే మామూలు చేతుల క్రీములాంటిదే, అందులో యూవీ కాంతి పడితే వెలిగే రంగు కలిపి ఉంటుంది. రాసుకుంటే మామూలు వెలుతురులో ఏమీ కనిపించదు. సబ్బుతో కడిగాక టార్చి కింద పెడితే, సరిగా రుద్దని చోట్ల మిగిలిన క్రీము నీలంగానో పసుపుపచ్చగానో వెలుగుతుంది. ఆ వెలిగేది రుద్దని చోటు, క్రిమి కాదు. వెలగని చెయ్యి క్రిములు లేని చెయ్యి అనుకోవడానికీ లేదు. ఈ తేడా ముందే చెప్పకపోతే, పిల్లలు జెల్ రాయని చేతిని టార్చి కింద పెట్టి ‘నా చేతికి క్రిములే లేవు’ అని తేల్చేస్తారు, ఇక ఆ తర్వాత ఎంత చెప్పినా తలకెక్కదు. ‘ఇది రంగు. దీన్ని మురికి అనుకుందాం, ఎక్కడ మిగిలిందో చూద్దాం’ అని రెండు ముక్కలు చెబితే చాలు.

రెండో సీసా శానిటైజర్ పాఠం కోసం. ఇందులో రంగును ఆల్కహాల్ జెల్‌లోనే కలిపారు. ఇక్కడ లెక్క తలకిందులు. మొదటి సీసాతో వెలిగిన చోటు తప్పు, దీంతో వెలగని చోటు తప్పు, ఎందుకంటే అక్కడికి శానిటైజర్ అందలేదు. ఇంత తేడా ఉన్న రెండు సీసాలకు ఒకే మూత, ఒకే రంగు లేబులు పెట్టిన మహానుభావుడెవరో గానీ, తరగతిలో సగం గందరగోళం అక్కడే పుడుతుంది. పెట్టె తెరవగానే రెండో సీసా మెడకు ఎర్ర టేపు చుట్టండి. ఒకే పీరియడ్‌లో రెండూ బయటికి తీయొద్దు.

పుస్తకంలో ‘తగినంత జెల్ వేయండి’ అని ఉంది. ఆ తగినంత ఎంతో చెబితే బాగుండేది. ఈ పంపును పూర్తిగా ఒకసారి నొక్కితే 2 మి.లీ. దాకా వస్తుంది. పదేళ్ల పిల్లల రెండు చేతులకు సగం నొక్కు చాలు, అంటే 1 మి.లీ. ఎక్కువైతే ఆ జిడ్డు గోళ్ల అంచుల్లో, చర్మం గీతల్లో పట్టేస్తుంది. నిమిషం పాటు చక్కగా రుద్దిన చేతులు కూడా వెలుగుతూనే ఉంటాయి. ‘ఎంత కడిగినా పోదు’ అని నేర్చుకుని వెళ్తారు. రాశాక ఒక నిమిషం ఇంకనివ్వాలి. కడగక ముందే ఒకసారి టార్చి కింద చూడాలి, చెయ్యి అంతా సమంగా వెలగాలి. ఈ మొదటి చూపు వదిలేస్తే, తర్వాత బొటనవేలు వెలగలేదంటే దాన్ని బాగా కడిగినట్టా, అసలు జెల్లే అంటనట్టా తేలదు. చేతుల మీద పుండ్లు, తామర, పగుళ్లు ఉన్న పిల్లలకు రాయొద్దు. టార్చి పట్టే పని వాళ్లకు అప్పజెబితే పక్కన పెట్టేశారన్న బాధ ఉండదు.

ఇక టార్చి. ఇందులో 395 నానోమీటర్ల (ఇది కాంతి తరంగం పొడవు) ఎల్‌ఈడీ పెట్టారు. వెలిగిస్తే ఊదా వెలుతురు గుప్పున వస్తుంది, చూసేవాళ్లకు భలే పనిచేస్తోంది అనిపిస్తుంది. కానీ ఆ ఊదా వెలుతురే చెయ్యంతా పరుచుకుని జెల్ మెరుపును మింగేస్తుంది. 365 నానోమీటర్ల టార్చి చూడ్డానికి వెలగనట్టే ఉంటుంది, ముందు నల్ల ఫిల్టర్ గాజు ఉంటే మరీను. దాని కింద మాత్రం గోరు మూలలో మిగిలిన చుక్క కూడా దాగదు. విడిగా టార్చి కొనేటప్పుడు అంకె చూసి కొనండి, వెలుతురు చూసి మోసపోవద్దు. చేతికి 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోవాలి, ఎవరి కళ్లలోకీ వేయకూడదు. అట్టపెట్టె పైభాగంలో కన్నం చేసి టార్చిని కిందికి చూసేలా కట్టేస్తే ఆ భయమే ఉండదు.

పుస్తకంలో లేని, ఉండి తీరాల్సిన హెచ్చరిక ఒకటుంది. టార్చి పోతే ‘యూవీ లైటే కదా’ అని, గదులనూ సామాన్లనూ క్రిమిరహితం చేసే దీపాన్ని తెచ్చి పిల్లల చేతుల మీద పెట్టొద్దు. అది యూవీ-సీ రకం. పాదరసం గొట్టాల దీపాలైతే 254 నానోమీటర్ల దగ్గర పనిచేస్తాయి. చర్మాన్ని కాలుస్తాయి, కళ్లను దెబ్బతీస్తాయి. ఆ మంట అప్పటికప్పుడు కాకుండా కొన్ని గంటలకు మొదలవుతుంది కాబట్టి పాఠం జరుగుతుండగా ఎవరికీ అనుమానం రాదు.

అట్టపెట్టె ఆలోచన మంచిదే, గదంతా చీకటి చేసే పని తప్పుతుంది. చేతులు దూర్చే కంతలు మాత్రం చిన్నవి, పెద్దవాళ్ల చేతులు పట్టవు. కత్తెరతో కాస్త పెంచుకోవాలి. లోపల అతుకుల దగ్గర తెల్ల అట్ట బయటికి కనిపిస్తోంది, దాని మీద నల్ల కాగితం అంటించండి. తెల్ల కాగితం యూవీ కింద తనంతట తానే నీలంగా వెలుగుతుంది. బట్టల సబ్బుపొడిలో తెలుపు కోసం కలిపే పదార్థం వల్ల ఉతికిన తెల్ల చొక్కా అంచులూ అంతే. టిష్యూతో తుడుచుకుంటే దాని నూగు చేతికి అంటుకుని చుక్కలుచుక్కలుగా మెరుస్తుంది. గోళ్లు మామూలుగానే కొంచెం వెలుగుతాయి. వీటిని చూసి పిల్లవాణ్ణి ‘నువ్వు సరిగా కడగలేదు’ అంటే అన్యాయమే. చొక్కా చేతులు పైకి మడిపించి, చేతులు గాలికి ఆరాక చూడాలి.

40 మంది తరగతికి ఒక పీరియడ్ సరిపోతుందని పుస్తకం మాట. లెక్క వేద్దాం. ఒక టార్చి, రెండు కుళాయిలు. ఒక్కొక్కరిని కడగక ముందు 15 సెకన్లు, కడిగాక 15 సెకన్లు చూస్తే 20 నిమిషాలు. కడుక్కోవడానికి మనిషికి నిమిషం వేసుకుంటే రెండు కుళాయిల దగ్గర మరో 20 నిమిషాలు. జెల్ ఇంకడం, లైను కట్టించడం, తోపులాట వేరే. మాట్లాడడానికి ఏమీ మిగలదు. ఐదుగురేసి ఎనిమిది జట్లు చేసి, జట్టుకు ఒకరి చేతులకే జెల్ రాయడం మేలు. మిగతా నలుగురూ కాగితం మీద చేతి బొమ్మ గీసి, వెలిగిన చోట్ల రంగు వేస్తారు. ఎనిమిది మందిని చూడ్డానికి నాలుగు నిమిషాలు, కడగడానికి ఇంకో నాలుగు. జెల్ కూడా 8 మి.లీ.తో సరి.

డబ్బులు పెట్టింది ఈ కొన్ని నిమిషాల కోసమే. పెట్టెలో చెయ్యి పెట్టగానే అరచేయి నల్లగా, శుభ్రంగా ఉంటుంది. చెయ్యి తిప్పితే బొటనవేలి మొదలు చుట్టూ ఉంగరంలా వెలుగు, వేళ్ల సందుల్లో సన్నని గీతలు, వేళ్ల కొసల్లో చుక్కలు. 1978లో ఎల్. జె. టేలర్ నర్సుల చేతులను పరిశీలించినప్పుడు ఎక్కువగా వదిలేసినవి కూడా ఈ మూడు చోట్లే: బొటనవేళ్లు, వేళ్ల కొసలు, వేళ్ల సందులు. ఎక్కడ వెలిగిందో చూస్తే రుద్దడంలో ఏ అడుగు తప్పిందో చెప్పేయొచ్చు. బొటనవేలు వెలిగితే దాన్ని రెండో చేతి పిడికిట్లో పెట్టి తిప్పలేదు. కొసలు వెలిగితే వేళ్లు ముడిచి ఎదుటి అరచేతిలో గుండ్రంగా రుద్దలేదు. సందులు వెలిగితే వేళ్లలో వేళ్లు దూర్చలేదు. చెప్పి ఊరుకోవద్దు, కొత్తగా జెల్ రాయకుండా ఆ ఒక్క చోటే మళ్లీ కడిగించి చూపించండి. అసలు పాఠం ఆ రెండో కడుగులో ఉంది, పుస్తకంలో దాని ఊసే లేదు. తడపడం, సబ్బు, రుద్దడం, కడగడం, తుడవడం అన్నీ కలిపి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 40 నుంచి 60 సెకన్లు. మొదటి రోజే గడియారం చూపిస్తే పిల్లలకు అది ఎంతసేపో అర్థమవుతుంది.

పొడి గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. ఒక బంతికి చిటికెడు పూసి చేతులు మార్పిస్తే, ఒకరి నుంచి ఇంకొకరికి ఎలా పాకుతుందో చూపిస్తుంది. చిటికెడు దాటితే గాల్లో లేస్తుంది, ఉబ్బసం ఉన్న పిల్లలున్న గదిలో అసలు వద్దు. బల్లలను తడి గుడ్డతో ఇటూ అటూ రుద్దితే ఇంకా పరుచుకుంటుంది. తడి కాగితంతో ఒకే వైపుకు తుడిచి, టార్చితో చూసుకోవాలి, లేకపోతే తర్వాతి తరగతి పిల్లల చేతులు ఏం చేయకముందే వెలుగుతాయి.

ఫ్లిప్‌చార్టులో క్రిములకు కొమ్ములు, కోరలు పెట్టారు. చిన్నపిల్లలు వాటిని ఈగలాంటి కంటికి కనిపించే పురుగులనుకుంటారు. చేతులు రుద్దుతున్న బొమ్మలన్నింట్లో కుళాయి ధారగా పారుతూనే ఉంది. ప్రశ్నపత్రాల సంగతి మరీ విడ్డూరం. ‘మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక చేతులు కడుక్కోవాలా?’ అని పాఠానికి ముందొకసారి, తర్వాతొకసారి అడుగుతారు. ముందు కూడా అందరూ అవుననే రాస్తారు. తెలియక కడుక్కోనివాళ్లు తక్కువ, తెలిసీ కడుక్కోనివాళ్లే ఎక్కువ. ఫలితం తెలియాలంటే సబ్బును తూచండి. సోమవారం కొత్త సబ్బు బరువు రాసుకుని, శుక్రవారం సాయంత్రం దాన్ని తీసి రెండు రాత్రులు ఆరబెట్టి మళ్లీ తూచాలి, తడి సబ్బు బరువెక్కువ చూపిస్తుంది. పాఠానికి ముందు వారం, తర్వాతి వారం, నెల గడిచాక ఇంకో వారం ఇలా చేస్తే నిజం తెలుస్తుంది. కుళాయి పక్కన నిలబడి లెక్కపెట్టడం కంటే ఇదే నమ్మకం, పెద్దవాళ్లు చూస్తుంటే అందరూ కడుగుతారు.

ఆ సబ్బు అసలు ఉంటేగా! 1986 నాటి ఒట్టావా చార్టర్ (ప్రపంచ ఆరోగ్య సంస్థ సదస్సు చేసిన ప్రకటన) ఆరోగ్యం పెంపొందించడానికి ఐదు పనులు చెప్పింది. మనుషులకు నైపుణ్యాలు నేర్పడం అందులో ఒకటి, అనుకూలమైన పరిసరాలు కల్పించడం ఇంకొకటి. ఈ కిట్ మొదటిదాన్నే ముట్టుకుంటుంది. మరుగుదొడ్డి బయట నీళ్లు, సబ్బు లేని బడిలో ఇది గారడీ కిందే లెక్క. సబ్బుబిళ్లలు మాయమవుతుంటే 1.5 లీటర్ల నీళ్లలో 30 గ్రాముల బట్టల సబ్బుపొడి కలిపి, మూతకు కన్నం చేసిన సీసాలో వేలాడదీస్తే పని జరుగుతుంది, దాన్నెవరూ ఎత్తుకుపోరు. 2008 నుంచి అక్టోబర్ 15న ప్రపంచ చేతుల శుభ్రత దినం జరుపుతున్నారు. ఆ ఒక్క రోజు పెట్టె తీసి మళ్లీ బీరువాలో పడేసేవాళ్లు దీన్ని కొనకపోయినా నష్టం లేదు.

పెద్దవాళ్ల సమావేశాల్లో తీరు మార్చాలి. చీకటి పడ్డాక పెడితే అట్టపెట్టె అక్కర్లేదు. ముందు ఆరోగ్య కార్యకర్త తన చేతులే చూపించాలి, వెలుగు మిగిలితే ఇంకా మంచిది. నలుగురిలో ఒకామె చేతులు చూపించి నవ్వితే ఆవిడ మళ్లీ రాదు. ఎప్పుడెప్పుడు కడుక్కోవాలన్నది ఇక్కడ ఎక్కువసేపు మాట్లాడాలి: పసిపిల్లలకు ముడ్డి కడిగాక, వంట మొదలుపెట్టే ముందు, బిడ్డకు తినిపించే ముందు. ఈ సంగతి చెప్పడం టార్చి వల్ల కాదు.

విడిగా దొరికితే మొదటి సీసా జెల్, ఒక 365 నానోమీటర్ల టార్చి కొనుక్కుంటే చాలు, నల్ల పెట్టె ఏ అట్టడబ్బాతోనైనా తయారవుతుంది. కిట్ మొత్తం ఇప్పటికే కొనేసి ఉంటే, వాడిన ప్రతిసారీ టార్చిలోంచి బ్యాటరీలు తీసి పెట్టండి, సెలవుల్లో అవి కారి స్ప్రింగు తుప్పు పడుతుంది. ఫ్లిప్‌చార్టు కాగితం మందంగా ఉంది, వెనక వైపు ఖాళీ. జట్లు చేతుల బొమ్మలు గీసుకోవడానికి ఎనిమిది పేజీలు సరిగ్గా సరిపోతాయి.