జేపీటూఏ: ఫొటోను అక్షరాల బొమ్మగా మార్చే ఉచిత ప్రోగ్రాం

ఫొటోలను అక్షరాల బొమ్మలుగా, అంటే అక్షరాలు, గుర్తులు పేర్చిన బొమ్మలుగా మార్చే ప్రోగ్రాములలో నాకు బాగా నచ్చినది జేపీటూఏ (jp2a). సీ భాషలో రాసిన ఈ ఉచిత ప్రోగ్రాం సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. టెర్మినల్‌లో, అంటే కంప్యూటర్‌కు ఆదేశాలు టైప్ చేసే తెరలో, దీని పేరు, పక్కన జేపెగ్ ఫైలు పేరు టైప్ చేస్తే చాలు, బొమ్మ తెర మీదికి వచ్చేస్తుంది.

ఇది ఫొటోను గళ్లుగా విభజించి, ఒక్కో గడిలోని పిక్సెళ్ల వెలుగుకు సగటు కట్టి, ఆ సగటుకు తగినంత నిండుగానో పలుచగానో కనిపించే అక్షరాన్ని అక్కడ ఉంచుతుంది. మన కంటికి ఆకుపచ్చ రంగే ఎక్కువ కాంతిగా తోస్తుంది కనుక వెలుగు లెక్కలో దానికి సుమారు 59 శాతం, ఎరుపుకు 30 శాతం, నీలానికి 11 శాతం పాలు ఇస్తారు. ఈ పాళ్లను మనమే మార్చుకోగలగడం జేపీటూఏలోని అసలైన సుగుణం. పచ్చని ఆకుల మధ్య ఉన్న ఎర్రని పువ్వు, రెండు రంగుల వెలుగూ దాదాపు ఒకటే అయినప్పుడు, అక్షరాలలో ఆకుల్లోనే కలిసిపోతుంది. ఎరుపు పాలు పెంచి ఆ మేరకు ఆకుపచ్చ పాలు తగ్గిస్తే పువ్వు విడిగా కనిపిస్తుంది.

టెర్మినల్ అక్షరం వెడల్పు కంటే ఎత్తు దాదాపు రెండింతలు ఉంటుంది. సొంతంగా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పది పదిహేను పంక్తుల కోడ్ రాసేవారు ఈ సంగతి పట్టించుకోకపోతే ముఖాలన్నీ నిలువునా సాగిపోతాయి. వెడల్పు మాత్రమే చెబితే, ఎత్తును ఈ నిష్పత్తి ప్రకారం జేపీటూఏ తానే సరిచేసుకుంటుంది. నల్లని తెరకు కుదిరిన బొమ్మ తెల్లని కాగితం మీద నెగటివ్‌లా కనిపిస్తుంది కాబట్టి, అచ్చు వేసుకునేవారు నేపథ్యం తెలుపని ముందే చెప్పాలి.

దీని పరిమితి ముఖాల దగ్గర బయటపడుతుంది. 80 అక్షరాల వెడల్పు గల బొమ్మలో ముఖం సగం చోటు తీసుకుందనుకుంటే, ఒక్కో కంటికి దక్కేది ఎనిమిది అక్షరాలు, ఒకటి రెండు వరుసలు. రెప్ప, కనుపాప, కింది నీడ అన్నీ అందులోనే సర్దుకోవాలి. పైగా ఇది గడి సగటు వెలుగునే చూస్తుంది తప్ప, గడిలో ఏటవాలు గీత ఉంటే దానికి పోలిన గీత గుర్తును వెతకదు. ఆ పని చాఫా అనే మరో ఉచిత ప్రోగ్రాం చేస్తుంది. అంచులు అందులో స్పష్టంగా వస్తాయి, కాని అది మామూలుగా వాడే యూనికోడ్ దిమ్మెల (గడిని పూర్తిగానో కొంతమేరకో నింపే గుర్తుల) వల్ల ఫలితం అక్షరాల బొమ్మలా కాక తక్కువ నాణ్యత గల ఫొటోలా అనిపిస్తుంది. అక్షరం అక్షరంగానే కనిపించాలన్నది నా పట్టుదల కాబట్టి జేపీటూఏకే నా ఓటు.

ఏ ప్రోగ్రాం వాడినా ఫొటోను ముందుగా సిద్ధం చేసుకోవడం తప్పదు. అనవసరమైన నేపథ్యాన్ని కత్తిరించి, కాంట్రాస్ట్ పెంచి ఇస్తే వచ్చే తేడా మరే ఆప్షన్‌తోనూ రాదు. బొమ్మను ఇతరులకు పంపేటప్పుడు, అక్షరాలన్నీ ఒకే వెడల్పున ఉండే ఫాంట్ అవతల లేకపోతే వరుసలు చెదిరిపోతాయి. అందుకే హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీ) ఫైలుగా భద్రపరిచే ఆప్షన్‌ను వాడుకోవడం మేలు.